సీటు వచ్చింది సరే... చదువు గట్టెక్కేదెట్లా?

కాకతీయ యూనివర్సిటీకి పిల్లలను పంపే చిన్న రైతులు ముందుగా వేసుకోవాల్సిన లెక్క

మృగశిర కార్తె వచ్చిందంటే రైతు ఇంట్లో పైసలకు కటకట మొదలవుతుంది. పత్తి గింజలు తేవాలి. డీఏపీ బస్తాలు దించుకోవాలి. దున్నిన ట్రాక్టరుకు కిరాయి కట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్ పాసైన కొడుకో, బిడ్డో సీటు వచ్చిన కాగితం తెచ్చి చేతిలో పెడతారు. మావాడికి హన్మకొండల సీటొచ్చిందని నలుగురికీ చెప్పుకోవడం సంతోషమే. కానీ సీటు రావడం గింజ మొలకెత్తడం లాంటిది. మొలక చూసి పంట ఇంటికొచ్చిందని ఏ రైతూ అనుకోడు కదా!

సీటు వచ్చిన పిల్లలు నడుమల మానేసి ఇంటికి వస్తే ఊళ్లో అందరూ వాళ్ల తెలివినే తప్పుపడతారు. చాలా ఇండ్లలో తెలివికి కొదవ లేదు. వేళకు డబ్బు అందకనే చదువు ఆగిపోతుంది. రైతుకు రాబడి ఏడాదికి ఒకటి రెండుసార్లు. చదువుకునే పిల్లలకు ఖర్చు నెలనెలా. ఈ రెండూ ఒకదానికొకటి అందేటట్టు ముందే కట్టుదిట్టం చేసుకోకపోతే ఎంత తెలివైన పిల్లలైనా వెనుకబడతారు. ఆ లెక్క ఎట్లా వేసుకోవాలో ఈ వారం చూద్దాం.

మన ఊళ్ల కోసం వచ్చిన యూనివర్సిటీ

వరంగల్లు చదువులకు పాత పేరు. సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ మొదలు నిజాం కాలం నాటిది. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే 2002లో ఎన్ఐటీ అయింది. అందులో దేశం నలుమూలల పిల్లలు చదువుతారు. మన ఊళ్ల పిల్లలకు ఎక్కువగా అక్కరకొచ్చింది మాత్రం కాకతీయ యూనివర్సిటీ.

అంతకుముందు ఇక్కడ ఉస్మానియా వారి పీజీ సెంటర్ ఉండేది. 1976 ఆగస్టు 19న అది కాకతీయ యూనివర్సిటీగా మారింది. అప్పుడు వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ నాలుగు జిల్లాల కాలేజీలు దీని కిందికే వచ్చేవి. 2008లో కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ వచ్చాక అక్కడి కాలేజీలు విడిపోయాయి. హన్మకొండ విద్యారణ్యపురిలో దాదాపు 650 ఎకరాల్లో క్యాంపస్ ఉంది. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఇదే పెద్ద చదువుల గడప.

ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన కొత్తపల్లి జయశంకర్ ఇదే యూనివర్సిటీకి 1991 నుంచి 1994 వరకు వైస్‌చాన్సలర్‌గా పనిచేశారు. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. పల్లెటూరి పిల్లవాడు చదువుతో ఎంత దూరం పోగలడో మన జిల్లా రైతుకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

క్యాంపస్‌లో రోజు ఎట్లా గడుస్తుంది?

తల్లిదండ్రుల్లో చాలామంది క్యాంపస్‌ను ఒక్కసారే చూస్తారు. అది కూడా చేర్పించిన రోజున. పిల్లలు అక్కడ ఎట్లా బతుకుతున్నారో తెలిస్తేనే ఖర్చు అర్థమవుతుంది.

హాస్టల్ దొరికితే సగం బరువు దిగినట్టే. కానీ అందరికీ దొరకదు. దొరికిన పిల్లలు కూడా సీటు లేని దోస్తును తమ గదిలో సర్దుకుంటారు. పొద్దున స్నానాల గదుల దగ్గర వరుస కట్టడం, గిన్నె పట్టుకొని మెస్‌లో నిలబడటం, క్లాసు, మధ్యాహ్నం మళ్లీ మెస్, సాయంత్రం లైబ్రరీ. పొద్దుగూకినాక కేయూ క్రాస్‌రోడ్డు దగ్గర ఒక చాయ్ ఇద్దరు పంచుకొని తాగుతూ ఏ నోటిఫికేషన్ పడింది, ఎన్ని పోస్టులని ముచ్చట. బతుకమ్మ పండుగకు ఆడపిల్లలు క్యాంపస్‌లోనే బతుకమ్మలు పేర్చి ఆడి, తర్వాత ఊరి బస్సెక్కుతారు.

హాస్టల్ దొరకని పిల్లలు నయీంనగర్, కిషన్‌పుర, గోపాలపూర్, భీమారం వైపు గదులు తీసుకుంటారు. నలుగురు కలిసి ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి. ఇంటి నుంచి బియ్యం, పచ్చడి, కారప్పొడి వస్తే కూరగాయల ఖర్చే మిగులుతుంది. ఊరికి పోయి వచ్చే పిల్లల చేతికి పది కిలోల బియ్యం ఇచ్చి పంపడం చిన్న సాయం కాదు. అది పిల్లలు హోటల్లో తినకుండా కాపాడుతుంది.

మెస్ బిల్లు సంగతి కూడా తెలుసుకోండి. పెద్ద హాస్టళ్లలో సాధారణంగా డివైడింగ్ పద్ధతి నడుస్తుంది. నెలలో బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్‌కు అయిన మొత్తాన్ని తిన్న రోజుల లెక్కన అందరికీ పంచుతారు. కూరగాయల ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది. పత్తి ఏరడానికో, పండుగకో పిల్లలు పది రోజులు ఊరికి వస్తే ముందే మెస్‌లో చెప్పి రమ్మనండి. చెప్పకుండా వస్తే తినని తిండికీ బిల్లు పడుతుంది. బాకీ పేరుకుపోతే చివరికి హాల్ టికెట్ దగ్గరనో, సర్టిఫికెట్ దగ్గరనో అడ్డు తగులుతుంది.

ఇంకో మాట. కోర్సు కాగితం మీద ఉన్నన్ని నెలలకే ముగుస్తుందని గట్టిగా అనుకోవద్దు. 2009 డిసెంబరు నుంచి తెలంగాణ ఉద్యమంలో కాకతీయ విద్యార్థులు ముందు నిలబడ్డారు. రాష్ట్రం వచ్చింది. ఆ ఏండ్లలో క్లాసులు, పరీక్షలు వెనక్కిపోయాయి కూడా. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూతపడ్డాయి. లెక్క వేసుకునేటప్పుడు ఆరు నెలలు అదనంగా వేసుకోవడం మంచిది.

పత్తి క్వింటాళ్లలో చదువు ఖర్చు

రూపాయల్లో చెబితే ఖర్చు పెద్దగా అనిపించదు. పంటలో చెప్పుకుందాం. ఉదాహరణకు గది కిరాయి, తిండి, బస్సు, పుస్తకాలు, సెల్‌ఫోను అన్నీ కలిపి నెలకు 5 వేలు అనుకోండి. పది నెలలకు 50 వేలు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఆ ఒక్క ఖర్చుకే ఆరు క్వింటాళ్లకు పైగా పత్తి పోవాలి. రెండెకరాల్లో పదహారు క్వింటాళ్లు తీసే రైతుకు అది మూడో వంతు కంటే ఎక్కువ. అందులోంచి పెట్టుబడి ఇంకా తీసేయలేదు!

ఇక వేళ సంగతి. ఫీజు, గది అడ్వాన్సు జూన్, జూలైలో కట్టాలి. పత్తి చేతికొచ్చేది అక్టోబరు, నవంబరులో. మిరప ఎనుమాముల మార్కెట్‌కు చేరేది జనవరి, ఫిబ్రవరి తర్వాత. నడుమ నాలుగైదు నెలలు అప్పు. ఆ 50 వేలు అడ్తిదారు దగ్గర నూటికి 2 రూపాయల మిత్తికి తెస్తే ఆరు నెలలకు 6 వేలు మిత్తి. నూటికి 3 అయితే 9 వేలు. అదీగాక అప్పిచ్చిన సేటుకే పంట వేయాలన్న కట్టుబాటు ఒకటి. క్వింటాలుకు వందో, రెండొందలో తగ్గితే అది ఇంకో మిత్తి.

కాబట్టి జూన్ నెల చదువు డబ్బును వెనకటి పంట అమ్మిన రోజునే పక్కన పెట్టాలి. మిరప అమ్మిన నాడో, యాసంగి వడ్ల పైసలు బ్యాంకులో పడిన నాడో పిల్లల పేర వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాను పెండ్లికి, పేరంటానికి ముట్టుకోవద్దు. విత్తనపు గింజలను తిండికి వాడుకోం కదా, ఇదీ అంతే.

పంట రుణాన్ని ఫీజుకు మళ్లించడం కొందరికి అలవాటు. అది నష్టం. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఫీజుకు వాడి గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది. పైగా చేను పెట్టుబడికి మళ్లీ సేటు గడపే తొక్కాలి. అవసరమైతే విద్యా రుణమే అడగండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. కేంద్రం పూచీకత్తు పథకం కింద ఏడున్నర లక్షల వరకు భూమి తాకట్టు లేకుండానే బ్యాంకులు ఇవ్వవచ్చు. సాధారణంగా చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదు. పాసుపుస్తకం బ్యాంకులో పెట్టే ముందు ఈ సంగతి మేనేజరును అడిగి తెలుసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంటును ఎంతవరకు నమ్మాలి?

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు లేకుంటే మన ఇండ్లలోంచి ఇంతమంది కాలేజీ గడప తొక్కేవారు కాదు. అయితే అది రెండు భాగాలు. ఒకటి కాలేజీకి పోయే ట్యూషన్ ఫీజు. రెండోది పిల్లల ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్. రెండూ ఏడాది చివరికి రావచ్చు, కోర్సు ముగిశాక రావచ్చు. 2025 నవంబరులో బకాయిలు ఇవ్వాలని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు రాష్ట్రమంతటా కాలేజీలు బంద్ పెట్టాయి. యాజమాన్యాలకే ఇంత ఇబ్బంది అయితే విద్యార్థి సంగతి చెప్పేదేముంది? స్కాలర్‌షిప్ వస్తే అప్పు తీర్చడానికి అనుకోండి. నెలనెలా మెస్ బిల్లుకు దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు ఆలస్యం కావడం మన చేతిలో లేదు. కాగితం తప్పు లేకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. టెన్త్ మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయి ఉండాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోవాలి. ఒకసారి దరఖాస్తు చేస్తే సరిపోదు, ప్రతి ఏడాది రెన్యూవల్ చేయాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకడం లేదని పిల్లలను నెల రోజులు ఇంటిదగ్గర ఆపుకుంటే మిగిలేది కూలి, పోయేది స్కాలర్‌షిప్. ఏది ఎక్కువో మీరే చూసుకోండి.

డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. నాట్ల పనిలో పడి రేపు మాపు అనుకోవద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలోనూ జాగ్రత్త. కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. చేరిన తర్వాత మానుకుంటే ఫీజు వాపసుకు కూడా లెక్క కట్టింది. ఎంత త్వరగా రాతపూర్వకంగా చెబితే అంత ఎక్కువ తిరిగి వస్తుంది. అడ్మిషన్ల చివరి తేదీ దాటి నెల రోజులైతే ఏమీ రాదు. నోటిమాటతో వదిలేయకుండా దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద సంతకం చేయించుకోండి.

ఆడపిల్లను చివరి ఏడాది ఆపొద్దు

మన ఇండ్లలో కొడుకు చదువుకు అప్పు చేస్తారు. బిడ్డ చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బు పెండ్లికి దాస్తే నయమనుకుంటారు. మంచి సంబంధం వచ్చిందని డిగ్రీ మూడో ఏట, పీజీ చివరి సెమిస్టరులో మానిపించిన ఇండ్లు ఉన్నాయి. ఎకరం చేనుకు విత్తనం, ఎరువు, మందు, కూలి అన్నీ పెట్టి, కాయ పగిలే వేళకు ఏరకుండా వదిలేస్తామా? రెండేండ్లు పెట్టిన ఖర్చుకు ఫలితం వచ్చేది ఆ చివరి పరీక్షలతోనే. పెండ్లి ముహూర్తం పరీక్షల తర్వాత పెట్టించుకోవచ్చు. పట్టా చేతిలో ఉన్న బిడ్డకు అత్తగారింట్లో మాటకు విలువ ఉంటుంది. రేపు కష్టకాలం వస్తే తన కాళ్లమీద తను నిలబడుతుంది.

ఇంటిదగ్గరే ఉండి చదవాల్సిన పరిస్థితి వస్తే చదువు పూర్తిగా ఆపనక్కర్లేదు. కాకతీయ యూనివర్సిటీకి దూరవిద్యా కేంద్రం ఉంది. పని చేసుకుంటూ కూడా చదువుకోవచ్చు.

పట్టా వచ్చాక ఎన్నేండ్లు?

అసలు లెక్క ఇక్కడ ఉంది. చదువు ఖర్చు పట్టాతో ముగుస్తుందని తల్లిదండ్రులు అనుకుంటారు. పట్టా వచ్చిన నాటినుంచి కొలువు వచ్చేదాకా ఉండే ఏండ్ల ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు.

2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్ పెట్టారు. ఒకే కొలువు కోసం మూడుసార్లు ప్రిలిమ్స్ రాసిన పిల్లలు ఉన్నారు. అన్నాళ్లూ హన్మకొండలోనో, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో గది కిరాయి కట్టింది ఎవరు? చేను మీద ఉన్న తండ్రి, కూలికి పోయిన తల్లి.

టీచర్ కొలువుల సంగతీ అంతే. 2017 అక్టోబరు నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. 2018లో 23 ఏండ్లకు బీఈడీ పూర్తి చేసిన పిల్లవాడికి పరీక్ష రాసేనాటికి 29 ఏండ్లు!

సర్కారు కొలువుకు ప్రయత్నించవద్దని చెప్పడం లేదు. ప్రయత్నానికి ఒక గడువు పెట్టుకోమనే చెప్పేది. పట్టా వచ్చిన తర్వాత రెండేండ్లు ఇంటి నుంచి సాయం, ఆ తర్వాత ఏదో ఒక పని చేసుకుంటూ పరీక్షలు రాయడం. ఈ ఒప్పందం చేర్పించిన రోజునే ఇద్దరూ మాట్లాడుకోవాలి. మూడేండ్ల తర్వాత మాట్లాడితే అది కొట్లాట అవుతుంది.

ఎవుసం మీద ఇష్టం ఉన్న పిల్లలకు వ్యవసాయ చదువు కూడా ఉంది. టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా చేయవచ్చు. ఇంటర్ బైపీసీ తర్వాత వ్యవసాయ డిగ్రీలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. పాసుపుస్తకం, ఊళ్లో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచి ఉంచండి.

ఇద్దరూ లెక్క దాచొద్దు

పిల్లల మనసు బాధపడుతుందని తండ్రి అప్పు దాస్తాడు. తండ్రి బాధపడతాడని కొడుకు ఫెయిలైన సబ్జెక్టులు దాస్తాడు. ఇద్దరూ ప్రేమతోనే దాస్తారు. నష్టం ఇద్దరికీ జరుగుతుంది. అప్పు సంగతి తెలియని పిల్లవాడు దోస్తులతో సమానంగా ఖర్చు పెడతాడు. బ్యాక్‌లాగులు తెలియని తండ్రి ఈ ఏడాదితో చదువు అయిపోతుందని ఎకరం తాకట్టు పెడతాడు. నిజం బయటపడే రోజున చేతిలో భూమి ఉండదు, పట్టా ఉండదు.

1997-98లో పురుగు తిని పత్తి పోయినప్పుడు మన జిల్లాలో ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో మరచిపోలేం. అప్పు ఎంత ఉందో ఇంట్లోవాళ్లకు తర్వాత తెలిసిన సందర్భాలు ఎన్నో. నేడు ఆ బరువు చదువుకునే పిల్లల మీద కూడా పడుతోంది. మార్కులు తగ్గినా, కొలువు రాకపోయినా ఇంటికి ధైర్యంగా రావచ్చని పిల్లలకు మీ నోటితో చెప్పండి. వారానికోసారి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడిగే ముందు తిన్నావా అని అడగండి.

ఏడాదికి రెండుసార్లు, దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి, ఒక నోటుబుక్కు ముందు పెట్టుకొని కూర్చోండి. ఒక పక్క చేను లెక్క, ఇంకో పక్క చదువు లెక్క రాయించండి. రాసేది పిల్లలే కావాలి. మీకు అక్షరాలు రాకున్నా ఫరవాలేదు, అంకెలు వాళ్లు చదివి చెబుతారు.

గుర్తుంచుకోండి

- జూన్‌లో కావాల్సిన చదువు డబ్బును వెనకటి పంట అమ్మిన రోజునే వేరే ఖాతాలో వేయండి.
- పంట రుణాన్ని ఫీజుకు వాడొద్దు. అవసరమైతే విద్యా రుణం అడగండి.
- స్కాలర్‌షిప్ రెన్యూవల్ ప్రతి ఏడాది చేయించండి. హాజరు 75 శాతం తగ్గనీయొద్దు.
- ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకే తీరుగా ఉండాలి.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలి రావొద్దు.
- మెస్ బాకీ ఏ నెలకానెల తీర్చండి.
- ఆడపిల్ల చివరి పరీక్షలు అయ్యేదాకా పెండ్లి మాట ఆపండి.
- కొలువు ప్రయత్నానికి గడువు ముందే మాట్లాడుకోండి.
- భూమి అమ్మడం అన్నిటికన్నా చివరి మార్గం. అమ్మే ముందు ఆ పిల్లవాడిని కూర్చోబెట్టుకొని మాట్లాడండి.

ఈ వానాకాలం గింజలు కొనబోయే ముందు మీ ఇంట్లో చదువుకునే పిల్లలతో ఒక గంట కూర్చోండి. ఎరువుల షాపు ఖాతాతో పాటు చదువు ఖాతా కూడా తెరిచి చూడండి. రెండూ కలిపి చూసినప్పుడే ఆ ఏడాది ఇల్లు ఎట్లా గడుస్తుందో తెలుస్తుంది.